గాండాల్ఫ్, డంబుల్‌డోర్, గెడ్: వెంట నడవడానికి ఏ మాంత్రికుడు మేలు?

విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీలోనో మధురవాడలోనో మూడు తరాలు కలిసి ఉంటున్న ఇంట్లో, మాంత్రికుడంటే ఎవరు గుర్తుకొస్తారని అడిగి చూస్తే మూడు వేర్వేరు సమాధానాలు రావచ్చు. తాతగారు 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ణి తలుచుకుంటారు. ఆయన కొడుకు ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లనూ, వాటికి చిత్రా వేసిన బొమ్మలనూ తలుచుకుంటాడు. ఇంగ్లీషు మీడియం బడిలో చదివే మనవరాలు మాత్రం తడుముకోకుండా డంబుల్‌డోర్ పేరు చెబుతుంది. మొదటి రెండు తరాలవారికి మాంత్రికుడు చాలావరకు భయపడవలసినవాడు. మూడో తరానికి నమ్మి వెంట నడవవలసిన పెద్ద. మన జానపద కథలు మంచి సలహాను ముని నోట పలికించి, మంత్రదండాన్ని దుర్మార్గుడి చేతికిచ్చాయి. ఇంగ్లీషు కాల్పనిక సాహిత్యం ఆ రెంటినీ ఒకే మనిషిలో కలిపింది. అలా కలిపిన పాత్రల్లో మన పాఠకులకు తెలిసిన ఇద్దరినీ, తెలియవలసిన ఒకరినీ పక్కపక్కన నిలబెట్టి, వీరిలో ఎవరు మేలో తేల్చడమే ఈ వ్యాసం పని.

ఆర్థర్ రాజు కథల్లోని మెర్లిన్‌ను ఈ పోటీలోకి దించడం లేదు. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే రచయిత లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రతో ప్రసిద్ధికెక్కిన ఆ పాత్ర వీరందరికీ మూలపురుషుడే కాని, తర్వాత ఒక్కో రచయిత చేతిలో ఒక్కో రకంగా మారుతూ వచ్చినందువల్ల, ఏ మెర్లిన్‌ను తూకం వేయాలో తేల్చుకోవడానికే సగం వ్యాసం ఖర్చవుతుంది.

ఎవరి మంత్రం ఎంత బలమైనదన్న లెక్క పిల్లల వాదనలకు సరదాగా ఉంటుంది గాని, పాత్ర తరాలు దాటి నిలవడానికి అది కారణం కాదు. ఈ కథలన్నిటి ఎత్తుగడా ఒకటే: పెద్దవాడొకడు వచ్చి, ఇంటిపట్టున ఉన్న చిన్నవాణ్ణి అపాయంలోకి పిలుచుకుపోతాడు. అందుచేత పిలిచినవాణ్ణి రెండు ప్రశ్నలు అడగాలి. పంపేముందు ఆ చిన్నవాడికి నిజం ఎంత చెప్పాడు? తాను చేయగలిగి కూడా ఏమి చేయకుండా ఊరుకున్నాడు?

ఈ కొలత సరైనదేనా అన్నది నేపాళ మాంత్రికుడి మీదే పరీక్షించవచ్చు. అతడు కూడా తోటమాలి కొడుకైన రాముణ్ణి సాహసానికే పిలుస్తాడు. రాజకుమారి దక్కుతుందని ఆశ పెడతాడు, దారి చూపిస్తాడు, కావలసిన ఉపాయాలు చెబుతాడు. పైపైన చూస్తే మంచి గురువు చేసే పనులన్నీ చేస్తాడు. దాచిందల్లా ఒక్కటే: పాతాళభైరవికి బలి ఇవ్వడానికి తెచ్చుకున్న సాహసవంతుడు రాముడే. పింగళి నాగేంద్రరావు మాటలూ, రంగారావు కంఠమూ కలిసి ఆ దుర్మార్గుణ్ణి డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మనకు ఇష్టుణ్ణి చేశాయి గాని, అతడి వెంట ఎవరినీ పంపలేము. (ఉత్తరాంధ్ర వాడిగా నాకు ఈ సందర్భంలో గిరీశం కూడా గుర్తుకొస్తాడు. శిష్యుణ్ణి వెంటేసుకుని తిరిగే ఆ మహానుభావుడికి మంత్రాలు రావు, చుట్ట తాగడం వచ్చు. కాని శిష్యుడికి ఏం చెబుతాడన్న ప్రశ్న దగ్గర అతడూ నేపాళ మాంత్రికుడి బడివాడే.)

డంబుల్‌డోర్ దగ్గరికి వస్తే ఈ ప్రశ్న ఇబ్బంది పెడుతుంది. జె.కె. రౌలింగ్ 1997 నుంచి 2007 వరకు ఏడు సంపుటాలుగా రాసిన కథలో అతడు హాగ్వార్ట్స్ అనే మంత్రవిద్యల బడికి పెద్ద. మిఠాయిలంటే ఇష్టపడతాడు, కోపాన్ని అరుదుగా చూపిస్తాడు, తప్పు చేసిన పిల్లవాడికి మళ్లీ అవకాశమిస్తాడు. పరీక్షల ఫలితాల కోసం పిల్లల కన్నా ముందు పెద్దలే నిద్రలు మానుకునే మన ఊరి ఇళ్లలో, మార్కుల సంగతి ఎత్తకుండా పిల్లవాడి ధైర్యాన్ని గుర్తించే ప్రధానోపాధ్యాయుడు ఎంత ముద్దొస్తాడో చెప్పనక్కరలేదు. అతడి ఆకర్షణలో పెద్ద పాలు ఈ బడి వాతావరణానిదే. అయితే అదే డంబుల్‌డోర్, కథానాయకుడు హ్యారీ పుట్టుకతో ముడిపడిన జోస్యాన్ని అయిదో సంపుటం చివరిదాకా అతడికి చెప్పడు. శత్రువు ప్రాణంలో ఒక ముక్క హ్యారీలోనే ఉందనీ, దాన్ని వదిలించడానికి అతడు చావుకు ఎదురు వెళ్లవలసి ఉంటుందనీ తెలిసి కూడా బతికుండగా నోరు విప్పడు. ఆ నిజం హ్యారీకి ఏడో సంపుటంలో, ఇంకొకరి జ్ఞాపకాల ద్వారా అందుతుంది. పిల్లవాణ్ణి బలిపశువులా పెంచావన్న నింద పాఠకులు కల్పించింది కాదు. కథలోనే స్నేప్ అనే ఉపాధ్యాయుడు అతడి ముఖాన అంటాడు. ఉద్దేశం మంచిదే, చివరికి హ్యారీ బతికాడు కూడా. అయినా బలి సంగతి దాచడంలో ఈ వెండి గడ్డం పెద్దాయనా, మన నల్ల గడ్డం నేపాళుడూ క్షణంపాటు ఒకే వరుసలో నిలబడతారు.

రౌలింగ్‌కు ఇది తెలుసు. చివరి సంపుటం బలం అక్కడే ఉంది. యవ్వనంలో డంబుల్‌డోర్ అధికారాన్ని మోహించాడనీ, ఆ రోజుల్లో జరిగిన కొట్లాటలో చెల్లెలు చనిపోయిందనీ, తనను తాను నమ్మలేకే తర్వాత మంత్రి పదవిని కాదన్నాడనీ మనకు ఆలస్యంగా తెలుస్తుంది. అంతటి వృద్ధుడు కూడా చనిపోయిన తనవాళ్లను ఒక్కసారి చూడాలన్న ఆశతో శాపం తగిలిన ఉంగరాన్ని వేలికి పెట్టుకుని, చేయి మాడ్చుకుని, ఏడాదిలో చావును తెచ్చుకుంటాడు. నా దృష్టిలో ఏడు సంపుటాల్లోనూ అతడు అత్యంత ప్రియమైన మనిషిగా కనిపించే ఘట్టం ఇదే. కాని ప్రియమైనవాడు కావడం వేరు, అడిగిన ప్రశ్నకు నెగ్గడం వేరు.

ఉంగరం ప్రస్తావన రాగానే గాండాల్ఫ్‌ను పిలవక తప్పదు. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో అతడి ముందుకూ అపార శక్తినిచ్చే ఒక ఉంగరం వచ్చింది. కథానాయకుడు ఫ్రోడో తనంతట తానే దాన్ని తీసుకొమ్మని ఇవ్వబోయాడు. గాండాల్ఫ్ భయపడి వద్దన్నాడు. తనకు దుష్టబుద్ధి పుడుతుందని కాదు అతడి భయం. మంచి చేయాలన్న కోరికతోనే, బలహీనుల మీద జాలితోనే ఆ శక్తిని వాడడం మొదలుపెట్టి, చివరికి తానే కొత్త పీడకుడినవుతానని. ఈ భయం తెలిసినవాళ్లు అధికారంలో ఉన్నవారిలో ఎంతమందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. 1960ల మధ్యలో చవక ముద్రణలు వచ్చి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ పుస్తకం దావానలంలా పాకినప్పుడు, గాండాల్ఫ్‌ను అధ్యక్షుణ్ణి చేయాలంటూ విద్యార్థులు బిళ్లలు తగిలించుకుని తిరిగారు. అధికారాన్ని కాదన్నవాణ్ణే ఎన్నుకోవాలనిపించడంలో చమత్కారముంది, న్యాయమూ ఉంది.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఈ పాత్రను ఒక్క రోజులో కల్పించలేదు. పేరును పాత నార్స్ కావ్యంలో మరుగుజ్జుల జాబితా నుంచి తీసుకున్నాడు. 1946లో రాసిన ఒక లేఖలో, బూడిదరంగు ముసుగుతో లోకం తిరిగే ఓడిన్ దేవుణ్ణి తలపించే బాటసారిగా ఇతణ్ణి వర్ణించాడు. 1937లో వచ్చిన ‘ద హాబిట్’లో ఉన్నది ఇంకా పూర్తిగా ఎదగని గాండాల్ఫ్. నా కొలత ప్రకారం ఆ పుస్తకంలో అతడు అంత నిజాయితీపరుడూ కాడు: హాబిట్ అనే పొట్టి జాతివాడైన బిల్బోను అడగకుండానే అతడి తలుపు మీద గుర్తు గీసి, పదముగ్గురు మరుగుజ్జులను ఇంటి మీదికి తోలి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా ప్రయాణం కట్టిస్తాడు. అయినా అడవి అంచున గుంపును వదిలి వెళ్లిపోవడం మాత్రం అక్కడే మొదలవుతుంది. అతడు లేని ఆ అడవిలోనే బిల్బో నాయకుడవుతాడు.

1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నాటికి అతడు మరో మనిషి. తన అనుమానం నిజమో కాదో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి తిరుగుతాడు, పాత రాజధానిలోని దస్తరాలు తిరగేస్తాడు, ఉంగరాన్ని నిప్పులో వేసి అక్షరాలు చూస్తాడు. సందేహం తీరాక ఫ్రోడో ఎదుట కూర్చుని, ఆ వస్తువు ఏమిటో, ఎవరిదో, ఎవరు వెతుకుతున్నారో, దాన్ని ఉంచుకుంటే ఏమవుతుందో దాచకుండా చెబుతాడు. ఫలానా పని చెయ్యమని ఆజ్ఞ ఇవ్వడు; తీర్మానం ఫ్రోడోకే వదిలేస్తాడు. మంత్రదండం కన్నా గ్రంథాలయాన్నే ఎక్కువ నమ్ముకున్న ఈ మాంత్రికుణ్ణి చూస్తే, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పత్రికల బల్ల దగ్గర రోజూ కనబడే విశ్రాంత అధ్యాపకులు మనసులో మెదులుతారు.

రెండో ప్రశ్నకు అతడి జవాబు పుట్టుకతోనే ఉంది. గాండాల్ఫ్ మనిషి కాడు. వృద్ధ రూపంలో పంపబడిన అయిదుగురు దూతల్లో ఒకడు. శత్రువు బలాన్ని బలంతో ఎదిరించకూడదనీ, భయపెట్టి ఎవరినీ ఏలకూడదనీ వారికి కట్టడి. ఆ అయిదుగురిలో పెద్దవాడైన సరుమాన్ అదే కట్టడిని తెంచుకుని చెడిపోయాడు కాబట్టి, ఆ నియమం ఉత్తుత్తిది కాదని కథే రుజువు చేస్తుంది. దీనివల్ల గాండాల్ఫ్ చేతుల్లో మిగిలేవి చిన్న పనులు: సలహా, సాంత్వనం, కోపం, నవ్వు, హాబిట్ల ఊళ్లో బాణసంచా. ఆ ఊరి జనానికి అతడు లోకరక్షకుడేమీ కాదు, మంచి తారాజువ్వలు కాల్చే ముసలాయన. సరుమాన్‌ను నమ్మి మోసపోయి బందీ అవుతాడు. మోరియా అనే పాత గుహల ద్వారం ముందు తెలిసిన మంత్రాలన్నీ వల్లించి, తలుపు తెరుచుకోక విసుగెత్తి చతికిలబడతాడు. ఇంత తేలికగా జవాబు దొరికే చోట అంతటివాడు తడబడడం చూసి పాఠకుడికి అతడి మీద మరింత నమ్మకం కుదురుతుంది.

కథ మొత్తం ఆధారపడిన మాట మాత్రం మొదట్లోనే, ఇంటి పొయ్యి దగ్గర, ఏ మంత్రమూ లేకుండా పలికింది. గొల్లమ్ అనే నీచుణ్ణి బిల్బో అప్పుడే చంపేసి ఉండవలసిందని ఫ్రోడో అంటే, చావు తీర్పు ఇవ్వడానికి అంత తొందరపడవద్దనీ, ఆ జాలి ఏ మలుపులో అక్కరకొస్తుందో చెప్పలేమనీ గాండాల్ఫ్ మందలిస్తాడు. వేయి పేజీల తర్వాత, ఉంగరాన్ని నాశనం చేయడానికి వెళ్లిన అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఓడిపోతాడు, ఉంగరం నాదేనంటాడు. అప్పటిదాకా చంపకుండా వదిలిన గొల్లమ్ దాన్ని లాక్కుని, జారి నిప్పులో పడడం వల్లనే లోకం గట్టెక్కుతుంది. గాండాల్ఫ్ ఆ సమయానికి అక్కడ లేనే లేడు. గురువు లేని చోట గురువు మాట పనిచేయడాన్ని ఇంత బాగా చూపిన కథ ఈ ముగ్గురిలో మరొకరికి దక్కలేదు.

ఇక గెడ్. మన దగ్గర ఇతడి పేరు విన్నవాళ్లు తక్కువ. అర్సులా కె. లెగ్విన్ 1968లో రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో నాయకుడు. ఈ తెల్లగడ్డం మాంత్రికులంతా ఒకప్పుడు కుర్రవాళ్లే కదా, అప్పుడు ఎలా ఉండేవారు అన్న ఆలోచన నుంచి తనకీ కథ పుట్టిందని ఆమె చెప్పుకుంది. గెడ్ మేకలు కాసుకునే పేద పిల్లవాడు, చామనఛాయవాడు. మంత్రవిద్య నేర్పే బడికి వెళతాడు. హాగ్వార్ట్స్ పుట్టడానికి దాదాపు ముప్ఫై ఏళ్ల ముందే ఆ బడి ఉంది. తోటి విద్యార్థితో పంతానికి పోయి, చనిపోయినవారిని పిలిచి, తన వెంటపడే ఒక నీడను లోకంలోకి వదులుతాడు. ఆ చీలికను మూయడంలో బడి పెద్ద ప్రాణం పోగొట్టుకుంటాడు. చివరికి గెడ్ ఆ నీడను సముద్రం అంచుల దాకా తరిమి, దాన్ని తన పేరుతోనే పిలిచి కలుపుకుంటాడు.

ఈ పుస్తకం విశాఖ పాఠకుడికి మిగతా రెండింటికన్నా దగ్గరిదని నా నమ్మకం. ఎర్త్‌సీ అంటే ద్వీపాల లోకం. అందులో అడవుల కన్నా పడవలు, కోటల కన్నా రేవులు ఎక్కువ. గాలిని మంత్రంతో పిలిచి తెరచాపలోకి పట్టడం అక్కడ రోజువారీ విద్య. కాని ఒక చోట గాలి మళ్లిస్తే ఇంకో చోట సమతూకం చెడుతుందనీ, అవసరం లేనిదే విద్య వాడకూడదనీ ఆ బడిలో మొదటి పాఠం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఈ ఊళ్లో ఉన్నవారికి, గాలితో ఆటలాడరాదన్న నియమం ఎందుకో విడమరిచి చెప్పవలసిన పని లేదు.

అయితే ఆ కథలో అసలైన జ్ఞాని గెడ్ కాదు, అతడి మొదటి గురువు ఓగియన్. ఒకప్పుడు భూకంపాన్నే శాంతింపజేసినవాడని పేరు. అంతటివాడు వాన కురిస్తే దాన్ని పక్కకు పొమ్మనే చిన్న మంత్రం కూడా పలకడు. ఏ చెట్టు కిందో పడుకుని పడనిస్తాడు. పక్కనే తడుస్తూ కూర్చున్న కుర్ర గెడ్, వాడనప్పుడు ఇంత శక్తి ఎందుకని లోలోపల ఉడికిపోతాడు. రెండో ప్రశ్నకు ఓగియన్ ఇచ్చినంత నిండైన జవాబు ఎవరూ ఇవ్వలేదు. కాని మొదటి ప్రశ్న దగ్గర అతడికీ మార్కులు తగ్గుతాయి. అతిగా మౌనంగా ఉండి, కుర్రవాడికి ఎప్పుడు ఏది చెప్పాలో ఆలస్యం చేస్తాడు. గెడ్ తాను పెద్దవాడయ్యాక, 1972 నాటి ‘ద ఫార్దెస్ట్ షోర్’లో, యువరాజు అరెన్‌ను వెంటబెట్టుకుని మృతుల లోకానికి వెళ్లి, తన శక్తినంతా ఖర్చు చేసి తిరిగి వస్తాడు. అక్కడ పంపడం లేదు, కలిసి వెళ్లడమే ఉంది. అది గొప్ప తేడా. 1990లో వచ్చిన ‘తెహాను’లో అతడు ఏ మంత్రమూ రాని మామూలు మనిషిగా, మళ్లీ మేకల దగ్గర, తన కొత్త బతుకు తాను నేర్చుకుంటాడు. యాభై దాటిన పాఠకులకు ఇది డంబుల్‌డోర్ కన్నా, చివరికి గాండాల్ఫ్ కన్నా లోతుగా తాకవచ్చు. పదేళ్ల పిల్లలకు మాత్రం చేతికి దొరకని లోతు.

మన దగ్గర ఇలాంటివాడు లేడా అని అడిగేవారికి సమాధానం చెప్పాలి. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు గొల్లపిల్లవాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి నడుస్తూ మజిలీకొక కథ చెబుతాడు. ముసలివాడు, కుర్రవాడు, దారి ఉన్నాయి కాని, కుర్రవాడు ఎదుర్కోవలసిన అపాయం లేదు. దగ్గరివాడెవరంటే, నా తీర్పులో, బాలకాండలోని విశ్వామిత్రుడే. అతడు ఇంటి వెనక నుంచి పిల్లవాణ్ణి తీసుకుపోడు. నిండు సభలో తండ్రిని అడుగుతాడు. మారీచ సుబాహులు యజ్ఞాన్ని పాడుచేస్తున్నారనీ, దీక్షలో ఉన్నందువల్ల కోపించడానికీ శపించడానికీ వీల్లేదనీ చెబుతాడు; అంటే గాండాల్ఫ్‌కున్న కట్టడే ఇతడికీ ఉంది. దశరథుడు పదహారేళ్లు నిండని బిడ్డను పంపలేనంటే, నచ్చజెప్పడానికి వసిష్ఠుడు పూనుకోవలసి వస్తుంది. దారిలో బల, అతిబల విద్యలు నేర్పి, తాటక ఎదురయ్యే ముందే ఆమె కథంతా రాముడికి చెబుతాడు. నేనడిగిన రెండు ప్రశ్నలకూ ఇంత తిన్నగా జవాబిచ్చినవాడు ఇంగ్లీషు పుస్తకాల్లో గాండాల్ఫ్ ఒక్కడే. తేడా శిష్యుడిలో ఉంది. రాముడు గెలుస్తాడని వినేవాడికి ముందే తెలుసు. ఫ్రోడో చివరి మెట్టు మీద ఓడిపోగల మామూలువాడు కాబట్టి, అతణ్ణి పంపినవాడి గుండె బరువు మనకూ తెలుస్తుంది.

కాబట్టి నా ఎంపిక గాండాల్ఫ్. ఇంట్లో తొమ్మిది పదేళ్ల పిల్లలుంటే డంబుల్‌డోర్‌తో మొదలుపెట్టడంలో తప్పు లేదు. లావు పుస్తకం చేతబట్టి కూర్చునే అలవాటు అక్కడే పడుతుంది. బడి కథ మీద మోజు తీరని పదమూడేళ్లవారికి ఎర్త్‌సీ మొదటి భాగం ఇవ్వాలి. అది రెండు వందల పేజీలకు అటూ ఇటూ ఉండే చిన్న పుస్తకం. టోల్కీన్ దగ్గర మొదటి వంద పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, పాటలు ఎక్కువ, పేర్లు ఇంకా ఎక్కువ. వాటిని ఓపిగ్గా దాటమని ముందే చెప్పి ఇవ్వడం మంచిది.

సినిమాలు చూశాం కదా, పుస్తకమెందుకు అనేవారికి ఒక్క సంగతి. 2001 నుంచి 2003 వరకు పీటర్ జాక్సన్ తీసిన మూడు చిత్రాల్లో ఇయాన్ మెకెల్లన్ ఈ పాత్రను అద్భుతంగా పోషించాడు. మొదటి చిత్రానికి ఆస్కార్ ప్రతిపాదన కూడా అందుకున్నాడు. కాని గాండాల్ఫ్ గొప్పతనానికి నేను చూపించగల అతి పెద్ద సాక్ష్యం ఆ చిత్రాల్లో లేదు. పుస్తకం చివర, యుద్ధం ముగించుకుని నలుగురు హాబిట్లు తమ ఊరికి తిరిగొస్తుంటే, అక్కడ దుర్మార్గులు చేరి ఊరిని పాడుచేస్తున్నారన్న కబురు దారిలోనే అందుతుంది. గాండాల్ఫ్ తోడుంటాడు కదా అని వాళ్ల ధీమా. అతడు మాత్రం నేను రావడం లేదు, మీ ఊరి సంగతి చక్కబెట్టుకోవడం ఇప్పుడు మీకే చేతనవుతుంది, మీరు నేర్చుకున్నది అందుకే అని చెప్పి, గుర్రాన్ని పక్కదారికి మళ్లిస్తాడు. ఆ తర్వాతి అధ్యాయంలో ఊరిని వాళ్లే బాగుచేసుకుంటారు. చిత్రంలో ఆ ఘట్టమంతా తీసేశారు; మూడో సంపుటం చివరి మూడు నాలుగు అధ్యాయాల కోసమైనా పుస్తకం తెరవక తప్పదు.